చెన్నై నుంచి విశాఖకు తెరచాప పడవ, నవంబరు 18న బయల్దేరాలి: వాతావరణం తెలిసినవాళ్లు సలహా ఇవ్వండి

దేవరకొండ తెరచాప | నవంబరు 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె, ఉద్యోగం చెన్నైలో. సముద్రం చూస్తూ పెరిగినవాణ్ని కాదు. హుస్సేన్ సాగర్‌లో రెండేళ్లు చిన్న తెరచాప పడవలు నడపడం నేర్చుకున్నా. చెన్నై వచ్చాక హార్బర్ బయట పగటిపూట ఓ పదిహేను సార్లు తిరిగొచ్చా, అంతే.

ఇప్పుడు నా స్నేహితుడొకడు 32 అడుగుల సెకండ్ హ్యాండ్ పడవ కొన్నాడు. దాన్ని విశాఖ చేర్చాలి. నలుగురం వెళ్తున్నాం. సముద్రం మీద నేరుగా దాదాపు 326 నాటికల్ మైళ్లు. సగటున 5 నాట్లు నడిచినా 65 గంటలు. అంటే 18 పొద్దున బయల్దేరితే 21కల్లా చేరిపోతాం. ఆఫీసులో ఐదు రోజులు సెలవు పెట్టాను. 22న విశాఖ నుంచి నల్గొండకు రైలు టికెట్ తీశాను, 24న అక్క కూతురి ఫంక్షన్ ఉంది.

సముద్రం సంగతి ఈ పాలమూరు, నల్గొండ వాళ్ల ఫోరంలో అడుగుతున్నాడేంటి అని నవ్వకండి. ఇక్కడ ఓడల్లో పనిచేసినవాళ్లు ఉన్నారని పాత పోస్టుల్లో చూశా. ఆ నాలుగు రోజులూ వాతావరణం ఎలా ఉంటుందో ఇప్పుడే తెలుసుకునే దారి ఉందా?

మిర్యాలగూడ వడ్లు | నవంబరు 3, రాత్రి 10:05

5 నాట్లు ఏంది తమ్మీ? మాకు ఎకరం నాట్లకే కూలీలు దొరకడం లేదు.

వనపర్తి టీచరమ్మ | నవంబరు 3, రాత్రి 10:31

గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారండీ. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. 5 నాట్లంటే గంటకు 9 కిలోమీటర్ల చిల్లర. మా బడి పిల్లలు సైకిల్ మీద అంతకంటే వేగంగా పోతారు. అందుకే నాకు భయం వేస్తోంది బాబూ, తుపాను వెంటపడితే ఈ వేగంతో తప్పించుకోవడం ఎలా?

పాలమూరు సరంగు | నవంబరు 4, ఉదయం 6:15

టీచరమ్మ గారు అసలు సంగతి మొదటి రోజే పట్టేశారు.

తమ్ముడూ, మాది జడ్చర్ల. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో చేసి వచ్చా. నీ లెక్కలో మైళ్లు కరెక్టే, గంటలు తప్పు. నవంబరులో మన తీరం పొడుగునా గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. చెన్నై నుంచి విశాఖ ఏ దిక్కు? అదే ఈశాన్యం. అంటే గాలి నీ ముక్కు మీదికి సూటిగా వస్తుంది. తెరచాప పడవ గాలికి ఎదురుగా నేరుగా పోలేదని నీకు హుస్సేన్ సాగర్‌లోనే చెప్పి ఉంటారు. అటు నలభై ఐదు డిగ్రీలు, ఇటు నలభై ఐదు డిగ్రీలు మెలికలు తిరుగుతూ పోవాలి. నీ 326 మైళ్లు నీళ్ల మీద 460 అవుతాయి.

ఇంకా ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. అది అర నాట్ ఉండొచ్చు, ఒక నాట్ దాటనూ వచ్చు. నువ్వు పైకి ఎక్కుతుంటే అది కిందికి లాగుతుంటుంది. రెండూ కలుపుకుంటే విశాఖ వైపు నీకు మిగిలేది మూడు నాట్లు కూడా కాదు. 65 గంటలు కాస్తా 115 గంటలు అవుతాయి, దాదాపు ఐదు రోజులు. గాలికి ఎదురుగా ప్రవాహం ఉంటే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి, అది వేరే నరకం. నీ దారిలో రెండూ ఒకవైపే నడుస్తాయి కాబట్టి ఆ బాధ కొంత తక్కువ. అదొక్కటే శుభవార్త.

ఇక తుపాన్లు. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు, డిసెంబరు ఒక సీజను, ఏప్రిల్, మే ఇంకో సీజను. నువ్వు సరిగ్గా మొదటిదాని నడుమ ఎంచుకున్నావు. ఇదే పడవను ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో తీసుకెళ్తే గాలి దక్షిణానికి మళ్లుతుంది, ప్రవాహమూ ఉత్తరానికి తిరుగుతుంది. అప్పుడు నీ 65 గంటల లెక్క నిజమవుతుంది.

దేవరకొండ తెరచాప | నవంబరు 4, మధ్యాహ్నం 1:20

థ్యాంక్స్ అన్నా. ఇదంతా మా ఓనర్‌కు చదివి వినిపించా. ఇంజను ఉంది కదా, మోటార్ మీద పోదాం అంటున్నాడు. 30 హార్స్‌పవర్ డీజిల్. ట్యాంకులో 90 లీటర్లు, డబ్బాల్లో ఇంకో 60.

పాలమూరు సరంగు | నవంబరు 4, సాయంత్రం 4:02

గంటకు రెండున్నర నుంచి మూడు లీటర్లు తాగుతుంది. 150 లీటర్లకు 50, 60 గంటలు. అదీ సముద్రం చదునుగా ఉంటే. రెండు మీటర్ల అలను ఎదురు గుద్దుకుంటూ పోతే పడవ మూడు నాట్లకు పడిపోతుంది, తాగుడు మాత్రం తగ్గదు. పైగా పాత పడవ, పాత ట్యాంకు. అడుగున చేరిన మడ్డి అలల కుదుపుకు పైకి లేచి ఫిల్టర్‌లో ఇరుక్కుంటుంది, ఇంజను ఆగిపోతుంది. అది కూడా సరిగ్గా ఇంజను అవసరమైన గంటలోనే. నేను చూశాను కాబట్టి చెప్తున్నా.

సాగర్ పుట్టి | నవంబరు 4, రాత్రి 8:48

నేను నాగార్జునసాగర్ హిల్ కాలనీ. మా నాయన పుట్టి మీద వల వేసేటోడు, నేను లాంచీ మీద కొన్నేండ్లు కళాసి పని చేసిన. సముద్రం నాకు తెల్వదు. కానీ మనుషులు తెలుసు.

సాగర్ నుంచి శ్రీశైలం లాంచీ ఉంటది కదా, ఆరేడు గంటల ప్రయాణం. ఒకసారి పొద్దున నల్లమల మీద మబ్బు పట్టింది, నీళ్ల మీద తెల్ల నురగ లేసింది. సరంగు ఇయ్యాల లాంచీ కదలదు అన్నడు. నలభై మంది ప్యాసింజర్లు ఎగబడ్డరు. "హైదరాబాద్ నుంచి రాత్రంతా బస్సుల వచ్చినం", "శ్రీశైలంల రూములు బుక్ చేసినం", "మబ్బు ఎటో పోతున్నది కదా". ఒకాయన ఫోన్ల వాతావరణం యాప్ చూపిస్తుండు, అండ్ల ఎండ బొమ్మ ఉంది. సరంగు ఒక్క మాట అనలే. పోయి టీ తాగుతూ కూసున్నడు, తాళంచెవి జేబుల పెట్టుకొని.

తమ్మీ, నువ్వు మొదటి పోస్టుల గాలి గురించి ఒక్క ముక్క రాయలే. సెలవులు, రైలు టికెట్, ఫంక్షన్ రాసినవ్. నీ పడవల ఆ ప్యాసింజర్లు ముందే ఎక్కి కూసున్నరు.

దేవరకొండ తెరచాప | నవంబరు 4, రాత్రి 9:15

😐 కాకా, దెబ్బ గట్టిగానే తగిలింది.

సూర్యాపేట గాలిబుడగ | నవంబరు 5, ఉదయం 7:30

వాతావరణం మ్యాపులు చూడటం నాకు పిచ్చి, అందుకే దూరుతున్నా. పదిహేను రోజుల ముందు తేదీ పట్టి గాలి చెప్పడం ఎవరివల్లా కాదు. యాప్‌లో 18వ తేదీకి అంకె కనిపిస్తుంది, అది ఉత్త అంకె. మూడు రోజుల ముందు నమ్మొచ్చు, ఐదు రోజుల ముందు మొత్తం పోకడ తెలుస్తుంది, ఆపైన అది ఆ కాలంలో మామూలుగా ఉండే గాలి గురించి చెప్పే కబురు మాత్రమే.

విండీ అనే వాతావరణ సైట్‌లో యూరోపియన్ మోడల్ (కంప్యూటర్ వేసే జోస్యం), అమెరికా వాళ్ల మోడల్ జీఎఫ్ఎస్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. రెండూ ఒకే మాట చెప్తుంటే, అదీ వరసగా మూడు నాలుగు అప్‌డేట్లలో మారకుండా ఉంటే, దాని మీద నిలబడొచ్చు. రెండూ కొట్టుకుంటుంటే మీకు నచ్చినదాన్ని నమ్మకండి, నచ్చనిదాన్ని పట్టుకుని ప్లాన్ వేసుకోండి. ఇంకోటి, అక్కడ కనిపించేది సగటు గాలి. విసురు దానికంటే మూడోవంతు పైగా ఎక్కువుంటుంది. గాలి రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అల ఎత్తు రెండు మీటర్లని రాస్తే అది మొత్తం అలల్లో అన్నిటికంటే పెద్దవైన మూడోవంతుకు కట్టిన సగటు. మధ్యలో ఒకటి నాలుగు మీటర్లకు దగ్గరగా వస్తే మోసం జరిగిందని ఏడవకూడదు.

వనపర్తి టీచరమ్మ | నవంబరు 5, ఉదయం 8:10

అలల ఎత్తు చెప్పే ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉందని మా పిల్లలకు చెప్తే నమ్మరు. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్. సముద్రం మొహం చూడని ఊళ్లో కూర్చుని దేశమంతటికీ అలలు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు ఇస్తారు. అల ఎత్తు, ప్రవాహం ఎటు నడుస్తోంది అన్నది వాళ్ల సైట్‌లో రోజూ పెడతారు బాబూ, చూసుకో.

మిర్యాలగూడ వడ్లు | నవంబరు 5, ఉదయం 11:25

మొన్న జోక్ చేసిన కానీ ఇది మా ఇంటి కథే. నాకు ఆరెకరాలు కోతకొచ్చి ఉంది. వడ్లు కొనాలంటే తేమ 17 శాతం దాటొద్దు. మిషన్ పెట్టి కోస్తే పచ్చి వడ్లు, కల్లంల నాలుగు రోజులు మంచి ఎండ పడాలె, రోజుకు మూడుసార్లు కాళ్లతోటి తిప్పాలె. 2025 అక్టోబరు చివర్ల మొంథా తుపాను కాకినాడ దిక్కు తీరం దాటితే, ఇక్కడ నల్గొండల మా కుప్పలు తడిసి మొలకలొచ్చినయ్. పట్టా కింద చెయ్యి పెడితే పొయ్యి మీద గిన్నె తీరు కాలింది.

అప్పటినుంచి నేను ఫలానా తేదీన కోస్తా అనుకోవడం మానేసిన. నాకు కావాల్సింది తేదీ కాదు, వరసగా ఐదు రోజుల తెరిపి. ఐదు కనబడితే మిషన్‌కు ఫోన్ కొడత. మూడే కనబడితే పొలంల నిలబడనీ అంటా. నీకెన్ని రోజుల తెరిపి కావాల్నో ముందు అది లెక్కపెట్టు.

పాలమూరు సరంగు | నవంబరు 5, మధ్యాహ్నం 12:40

ఇంగ్లీషులో వెదర్ విండో అని ఏళ్ల తరబడి వాడాను. తెరిపి అన్న మాట ఇంట్లోనే ఉందని ఇప్పుడు తట్టింది.

తమ్ముడికి ఐదు రోజుల దారి, ఆపైన ఒక రోజు చేతిలో ఉండాలి. మొత్తం ఆరు రోజుల తెరిపి. నవంబరు బంగాళాఖాతంలో ఆరు రోజులు నమ్మకంగా చెప్పగలిగే జోస్యం లేదు. కాబట్టి దారిని ముక్కలు చెయ్యాలి. చెన్నై నుంచి కృష్ణపట్నం 70 మైళ్లు, ఒక రాత్రి, ఒక పగలు. అక్కడ ఆగొచ్చు. తర్వాతే కష్టం.

కాకినాడ అల్లుడు | నవంబరు 5, రాత్రి 9:55

కష్టమంటే మామూలు కష్టం కాదండీ. మాది నకిరేకల్, అత్తగారిది కాకినాడ, వేట కుటుంబం. కృష్ణపట్నం దాటాక నిజాంపట్నం 100 మైళ్లు. అక్కడా, మచిలీపట్నంలోనూ లోపలికి పోవాలంటే మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటాలి. మొగ దగ్గర ఇసుక మేట, లోతు తక్కువ. తూర్పు గాలికి అలలు అక్కడే విరుచుకుపడతాయి. ఊరి పడవలవాళ్లే పోటు చూసుకుని దూరతారు. కింద లోతుగా దిగే బరువైన కీల్ రెక్క ఉన్న పడవతో, చీకట్లో, కొత్తవాళ్లు దూరితే పని అయిపోయినట్టే. వాతావరణం చెడితే రేవులోకి పరిగెత్తుదాం అనేది మన తీరంలో చాలాచోట్ల కుదరదు. చెడకముందే లోపలుండాలి, లేదా దూరంగా లోతులో ఉండాలి. పెద్ద రేవుల్లో కూడా తుపాను సిగ్నల్ ఎక్కిస్తే ఓడల్ని బయటికే పంపించేస్తారు.

కాకినాడ మాత్రం దేవుడిచ్చింది. హోప్ ఐలాండ్ అడ్డంగా గోడలా ఉంటుంది, దాని వెనక లంగరేస్తే పెద్ద అల తగలదు. అక్కడికొస్తే విశాఖ ఇంకో 75 మైళ్లే.

మా మామగారు 1996 నవంబరు 6 గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ఆ రోజు తుపాను కాకినాడ పక్కనే తీరం దాటింది. విస్తీర్ణంలో చిన్న తుపానే, కానీ బిగువుగా ఉన్నది. వేటకు పోయినవాళ్లు బోలెడుమంది తిరిగి రాలేదు. ముందు గాలి లేదు, ఉక్క పోసిందట. ఇప్పటికీ ఆయన వానకు భయపడరు. నవంబరులో గాలి చచ్చి ఉక్క పోస్తే మాత్రం వీధిలోకొచ్చి తూర్పు చూస్తారు.

దేవరకొండ తెరచాప | నవంబరు 9, రాత్రి 10:20

ఇవన్నీ విన్నాక ఓనర్‌తో గంట సేపు గొడవైంది. చివరికి కొన్ని షరతులు పెట్టుకున్నాం. 15న, 16న, 17న చూస్తాం. ఏ రోజైనా దక్షిణ, మధ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని వాతావరణ శాఖ (ఐఎండీ) రాసినా, రెండు మోడళ్లూ కొట్టుకున్నా, గాలి 20 నాట్లు దాటినా కదలం. నలుగురిలో ఏ ఒక్కడు వద్దన్నా కదలం, కారణం అడగం. రైలు టికెట్ క్యాన్సిల్ చేశా. ఫంక్షన్‌కు చెన్నై నుంచే నేరుగా వస్తానని అక్కకు చెప్పా.

చిన్న సందేహం. పడవలో ఇత్తడి బారోమీటర్ ఉంది. ఇవాళ పొద్దున పదింటికి 1012 చూపించింది, సాయంత్రం నాలుగింటికి 1009. మూడు మిల్లీబార్లు పడిపోయింది! ఇది అల్పపీడనం గుర్తా? టెన్షన్‌గా ఉంది.

పాలమూరు సరంగు | నవంబరు 9, రాత్రి 10:41

కాదు తమ్ముడూ, అది రోజూ ఊపిరి పీల్చి వదులుతుంది. మన అక్షాంశాల్లో పొద్దున, రాత్రి పదింటికి ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగింటికి తక్కువ. రెండు మూడు మిల్లీబార్ల తేడా మామూలే. పదింటి అంకెను నిన్నటి పదింటితో, నాలుగింటి అంకెను నిన్నటి నాలుగింటితో పోల్చుకో. ఆ గంటకు ఉండాల్సిన మామూలు అంకె కంటే 3 తగ్గితే అనుమానపడు, 5 తగ్గితే తుపాను 200 మైళ్ల లోపల ఉన్నట్టే అనుకో. ఒక నోటుబుక్కు పెట్టి ఇవాళ్టి నుంచే రాయి. సముద్రంలో ఫోన్ సిగ్నల్ పోయాక నీతో మాట్లాడేది ఆ ఇత్తడి డబ్బా ఒక్కటే.

సూర్యాపేట గాలిబుడగ | నవంబరు 15, ఉదయం 6:50

తమ్ముడూ, లేచావా? అండమాన్ పక్కన అల్పపీడనం. యూరోపియన్ మోడల్ తమిళనాడు కిందికి పంపిస్తోంది, చెన్నై కూడా కాదు, ఇంకా దక్షిణానికి. జీఎఫ్ఎస్ మాత్రం వాయుగుండం చేసి, పైకి తిప్పి, 20వ తేదీకి ఒంగోలు ముందు నిలబెడుతోంది. రెండింటికీ మధ్య 300 మైళ్ల తేడా.

దేవరకొండ తెరచాప | నవంబరు 15, ఉదయం 8:05

చూశా. ఓనర్ యూరోపియన్ మోడల్ స్క్రీన్‌షాట్ పంపి "మనకేం కాదు, అది కిందికి పోతోంది, పైకి మనం పోతున్నాం" అంటున్నాడు. 😩

పాలమూరు సరంగు | నవంబరు 15, ఉదయం 8:50

ఆ స్క్రీన్‌షాట్ మీద ఈ లెక్క గీసి పంపు. ఓడల్లో 1-2-3 అని ఒక పాత సూత్రం. తుపాను 24 గంటల తర్వాత ఎక్కడుంటుందని చెప్పారో అక్కడికి 100 మైళ్లు, 48 గంటలకు 200, 72 గంటలకు 300 మైళ్లు తప్పు ఉండొచ్చని చుట్టూ గీత గీస్తారు. దానికి గట్టిగాలి వ్యాసార్థం కూడా కలపాలి. ఆ గీత లోపలికి పోకూడదు. మూడో రోజుకు 300 మైళ్ల గుండ్రం గీస్తే నీ చెన్నై, విశాఖ దారిలో పెద్ద భాగం అందులోనే మునిగిపోతుంది.

ఇంకో మాట. పడమరకు పోయే తుపానుకు కుడి పక్క, అంటే ఉత్తరం పక్క, గాలి సముద్రం మీంచి తీరం మీదికి తోస్తుంది. 1977లో తుపాను చీరాల దగ్గర తీరం దాటితే, ఉప్పెన ముంచింది దానికి కుడివైపున ఉన్న దివిసీమను. జీఎఫ్ఎస్ మాట నిజమైతే 20న మీరు సరిగ్గా ఆ పక్కే, మొగలు తప్ప రేవు లేని చోట ఉంటారు.

దేవరకొండ తెరచాప | నవంబరు 15, మధ్యాహ్నం 2:30

క్యాన్సిల్. నలుగురిలో ఇద్దరం వద్దన్నాం. ఓనర్ ఫోన్ పెట్టేశాడు.

దేవరకొండ తెరచాప | నవంబరు 21, రాత్రి 11:10

మీకు నిజం చెప్పాలి కదా. ఏమీ రాలేదు. అల్పపీడనం వాయుగుండం కూడా కాలేదు, నైరుతి బంగాళాఖాతంలోనే నీరుగారిపోయింది. చెన్నైలో ఒక రాత్రి వాన, అంతే. ఇవాళ పొద్దున మెరీనాలో ఎండ కాసింది. ఓనర్ వాట్సాప్ స్టేటస్‌లో ఆ ఎండ ఫోటో పెట్టాడు, కింద ఏమీ రాయలేదు. ఐదు రోజుల సెలవులు, రెండు నెలల పార్కింగ్ అద్దె.

మిర్యాలగూడ వడ్లు | నవంబరు 22, ఉదయం 5:50

నీకంటే ఎక్కువ నేను పోగొట్టుకున్న తమ్మీ. అదే వార్త చూసి నేనూ కోత ఆపిన. వారం ఆగేసరికి వడ్లు పండి రాలినయ్, ఎకరానికి రెండు బస్తాలన్నా పోయినయ్. పక్క చేను ఆయన వార్త చూడలే, 16న కోసిండు, ఎండబెట్టిండు, కాంటా పెట్టిచ్చిండు. నిన్న చాయ్ హోటల్ల నన్ను చూసి నవ్విండు.

వనపర్తి టీచరమ్మ | నవంబరు 22, ఉదయం 7:15

మరి వెళ్లి ఉంటే సరిపోయేదంటారా?

పాలమూరు సరంగు | నవంబరు 22, ఉదయం 9:30

తుపాను రాలేదు, గాలి వచ్చింది టీచరమ్మ గారూ. 18 నుంచి 20 దాకా ఆంధ్రా తీరం బులెటిన్లు నేను రోజూ చదివాను. ఈశాన్యం 20 నుంచి 25 నాట్లు, వేటకు వెళ్లొద్దని హెచ్చరిక. ఆ గాలికి ఎదురుగా ఐదు రోజులు. పదిహేను పగటి ట్రిప్పులు చేసిన నలుగురిలో ఇద్దరు మొదటి రాత్రే వాంతులతో పడిపోతారు, మిగిలిన ఇద్దరూ నిద్ర లేకుండా నడపాలి. శ్రీశైలం ఘాట్‌లో మన బస్సుల్లో కిటికీ సీటు కోసం జరిగే యుద్ధం చూశారు కదా, అది నాలుగు గంటలే. అయినా వెళ్లినవాళ్లు కొందరు క్షేమంగా చేరేవాళ్లే. అది నేను కాదనను.

దేవరకొండ తెరచాప | ఫిబ్రవరి 12, రాత్రి 8:30

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నా. ఓనర్ మాట్లాడుతున్నాడు. ఈసారి తేదీ లేదు, ఫిబ్రవరి 20 తర్వాత నాలుగు రోజుల తెరిపి దొరికిన రోజే. లైఫ్ జాకెట్లు, నడుముకు కట్టుకునే బెల్టులు, ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే ఈపర్బ్, రెండు వీహెచ్ఎఫ్ రేడియో సెట్లు, చుట్టూ ఉన్న ఓడల్ని చూపించే ఏఐఎస్ అన్నీ సరిచూశాం. ట్యాంకు విప్పి కడిగితే అన్న చెప్పిన మడ్డి గ్లాసుడు వచ్చింది. కోస్ట్ గార్డ్ 1554 నంబరు నలుగురి ఇళ్లలోనూ గోడ మీద రాయించాం. ఇంకేమైనా మర్చిపోయామా?

కాకినాడ అల్లుడు | ఫిబ్రవరి 12, రాత్రి 9:45

వలలు. ఇప్పుడు గాలి కాదు మీ శత్రువు. రాత్రి లైటు లేని పడవలు, మైలు పొడుగు వలలు. ఒడ్డుకు ఇరవై మైళ్ల అవతల తగ్గుతాయి, లేకుండా పోవు. గోదావరి ముందు గ్యాస్ ప్లాట్‌ఫారాలున్నాయి, చుట్టూ 500 మీటర్లు పోకూడదు, ఇంకా ఎక్కువే దూరం పెట్టుకోండి. వాంతి మాత్ర బయల్దేరాక కాదు, ముందు రాత్రే.

దేవరకొండ తెరచాప | మార్చి 3, సాయంత్రం 6:20

చేరాం! ఫిబ్రవరి 25 తెల్లవారుజామున చెన్నై వదిలాం, మార్చి 1 మధ్యాహ్నం విశాఖ. మధ్యలో ఒక రాత్రి హోప్ ఐలాండ్ వెనక లంగరు.

మొదటి పగలు గాలి దాదాపు లేదు, మోటారే. రెండో రోజు నుంచి మధ్యాహ్నాలు దక్షిణం నుంచి 10, 12 నాట్లు వచ్చింది, వీపు మీద చెయ్యి పెట్టి తోసినట్టు. రాత్రుళ్లు నేల మీంచి చల్లగాలి. నీళ్ల మీద వేగం 4.9 చూపిస్తే జీపీఎస్‌లో 5.6. ప్రవాహం అంటే ఏంటో ఆ రెండు అంకెల మధ్య చూశాను అన్నా. బారోమీటర్ నోటుబుక్కులో పదింటివి పదింటితో, నాలుగింటివి నాలుగింటితో అచ్చు గుద్దినట్టు కలిశాయి.

వల మాత్రం తప్పలేదు. రెండో రాత్రి రెండింటికి, నిజాంపట్నం దాటాక, ఇంజను ఒక్కసారి మూలిగి ఆగింది. టార్చి వేస్తే ప్రొపెల్లర్ చుట్టూ నైలాన్ దారాలు. చీకట్లో దిగొద్దని తెల్లారేదాకా అలాగే తేలుతూ కూర్చున్నాం. వెలుగొచ్చాక నడుముకు తాడు కట్టుకుని కత్తితో దిగాను. నలభై నిమిషాలు పట్టింది. పడవ అడుగు అలతో పాటు నెత్తి మీదికి దిగేది.

సాగర్ పుట్టి | మార్చి 3, సాయంత్రం 7:02

శభాష్ తమ్మీ. నువ్వే దిగినవా? ఈత ఏడ నేర్చినవ్?

దేవరకొండ తెరచాప | మార్చి 3, సాయంత్రం 7:10

మా ఊరి బావిలో కాకా, నడుముకు ఎండు సొరకాయ కట్టుకుని.

ఒకటి మాత్రం మనసులో ఉండిపోయింది. కోసేసిన వల ఎవరిదో. చుట్టుపక్కల పడవ కనిపించలేదు. ఓ పది గజాల ముక్క, వలను తేల్చే నాలుగు బెండ్లు పడవలో తెచ్చుకున్నాం.

కాకినాడ అల్లుడు | మార్చి 3, రాత్రి 8:25

ఆ బెండ్ల ఫోటో పెట్టండి. రంగు, కట్టిన ముడి చూస్తే ఏ ఊరి వలో మా బావమరిది చెప్తాడు. ఒక్కో వల వాళ్లకు వేలల్లో ఖర్చు.

దేవరకొండ తెరచాప | మార్చి 3, రాత్రి 8:40

పెట్టాను, చూడండి. మూడు తెల్లవి, ఒకటి నీలం. నీలం దాని మీద ఎర్ర పెయింటుతో ఏదో అక్షరం ఉంది, సగం చెరిగిపోయింది. 'సూ' కావచ్చు.

కాకినాడ అల్లుడు | మార్చి 3, రాత్రి 9:30

బావమరిదికి పంపాను. ఇప్పుడు వేటలో ఉన్నాడు, రేపు పొద్దున ఒడ్డుకొచ్చాక చెప్తాడు. ఆ బెండు పారెయ్యకండి.